నెల పద్దులో ఇమడని ఏడాది

మా అమ్మకు పద్దు పుస్తకం లేదు. వంటింట్లో మేకుకు తగిలించిన పెద్దంకెల క్యాలెండరే ఆమె ఖాతా. పాలు రాని రోజు తేదీ మీద సున్నా. చుట్టాలొచ్చి ఎక్కువ పోయించుకున్న రోజు 'అర'. గ్యాస్ బండ మార్చిన రోజు 'గ్యా'. పేపరు పడని రోజుకు అడ్డగీత. నెల తిరిగితే ఆ కాగితాన్ని చింపేది కాదు, వెనక్కి మడిచేది. ఏడాది అయ్యాక క్యాలెండరును చుట్టి అటక మీద పెట్టేది. మే నెల సగానికొచ్చేసరికి దాన్ని కిందికి దింపి, జూన్ పేజీ తీసి, వేలు పెట్టి చూసుకునేది. ఫీజుకు ఎంతైంది, పుస్తకాలకు ఎంతైంది, ఆ నెల చేబదులు ఎవరి దగ్గర తెచ్చాం, ఎప్పటికి తీర్చాం.

కుటుంబ బడ్జెట్ మీద వచ్చిన ఆలోచనలన్నిటినీ ఒకచోట పెట్టి చూద్దామని కూర్చున్నప్పుడు నాకు పదేపదే ఆ జూన్ పేజీయే కళ్ల ముందుకొచ్చింది. సలహా పుస్తకాలు దాదాపు అన్నీ నెలజీతం వచ్చే మనిషిని ఊహించుకుని రాసినవే. ఒకటో తారీఖున జీతం, నెలాఖరుకు మిగులో తరుగో. ఇల్లు మాత్రం ఏడాది లెక్కన నడుస్తుంది. బడికి జూన్, పచ్చడికి ఏప్రిల్, పంటకు సంక్రాంతి, పెళ్లిళ్లకు మాఘం. ఈ సంగతిని ఎవరు ఎంతవరకు గుర్తించారు, ఆ గుర్తింపు ఇంట్లో డబ్బు సర్దే మనిషి చేతిదాకా వచ్చిందా అన్నదే ఇక్కడ నేను చూడదలచుకున్నది.

ఇంటి ఖర్చుల లెక్కల్లో ఇప్పటికీ అందరూ తలుచుకునే పేరు ఎర్న్‌స్ట్ ఎంగెల్. జర్మన్ గణాంకవేత్త. 1857లో బెల్జియం కార్మిక కుటుంబాల ఖర్చుల పట్టీలను ముందేసుకుని ఆయన ఒక విషయం తేల్చాడు. కుటుంబం ఎంత పేదదైతే, దాని ఖర్చులో తిండికి పోయే వాటా అంత ఎక్కువ. చేతిలోకి డబ్బు వచ్చేకొద్దీ ఆ వాటా తగ్గుతుంది. మన దేశపు లెక్కలు కూడా ఆ దారినే నడిచాయి. 1999-2000లో గ్రామీణ కుటుంబం ఖర్చులో తిండి వాటా 59 శాతం పైన, పట్టణాల్లో 48 శాతం. 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే నాటికి అవి 47 శాతానికి, సుమారు 40 శాతానికి దిగాయి. గ్రామాల్లో ధాన్యాల మీద పెట్టే ఖర్చయితే 22 శాతం నుంచి 5 శాతానికి పడిపోయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం మొదలుపెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం నాటి నుంచి నేటి ఉచిత రేషన్ దాకా చౌక బియ్యం మన ఇళ్లలో ఏం మార్చిందో తెలియాలంటే, నెలాఖరులో బియ్యం డబ్బా అడుగు గీరిన తరాన్ని అడగాలి.

అదే సర్వే ప్రకారం నెలకు తలసరి ఖర్చు ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 5,327 రూపాయలు, పట్టణాల్లో 7,182. తెలంగాణలో 5,435, 8,978. దేశం సగటు 4,122, 6,996. అంటే తెలుగువాళ్లం సగటు కంటే ఎక్కువే ఖర్చు పెడుతున్నాం. ఆ ఖర్చులో పప్పుధాన్యాల స్థలాన్ని ప్యాకెట్ తిండి, బయటి తినుబండారాలు, పెట్రోలు, ఫోను రీఛార్జీ ఆక్రమిస్తున్నాయి.

అయితే ఆ సర్వేలో నన్ను ఆకట్టుకున్నది అంకెల కంటే ప్రశ్న అడిగే పద్ధతి. కూరగాయలు, నూనె, గుడ్లు, మాంసం లాంటివి గడచిన 7 రోజుల్లో ఎంత కొన్నారని అడుగుతారు. అద్దె, కరెంటు వంటివి 30 రోజులకు. బట్టలు, చెప్పులు, చదువు, ఆసుపత్రిలో చేరిన ఖర్చు, సామాన్లు మాత్రం 365 రోజులకు అడుగుతారు. ఒకే ఇంట్లో మూడు గడియారాలు తిరుగుతున్నాయని సర్వే రూపొందించినవాళ్లకు తెలుసు. చదువు ఖర్చును ఒక్క నెలకే అడిగితే జూన్‌లో దొరికిన ఇల్లు కోటీశ్వరుల ఇల్లులా, నవంబరులో దొరికిన ఇల్లు పైసా పెట్టని ఇల్లులా కనిపిస్తుంది. ఇంత స్పష్టంగా గణాంకవేత్తలకు తెలిసిన విషయం, ఇంటి బడ్జెట్ నేర్పే పుస్తకాల్లోకి ఎందుకు రాలేదో నాకు అర్థం కాదు.

ఆ పుస్తకాల్లో ఎక్కువగా వినిపించేది 50-30-20 సూత్రం. అమెరికాలో ఎలిజబెత్ వారెన్, ఆమె కూతురు అమేలియా వారెన్ త్యాగి కలిసి 2005లో రాసిన పుస్తకంతో ఇది వాడుకలోకొచ్చింది. చేతికొచ్చే ఆదాయంలో సగం అవసరాలకు, ముప్పై శాతం కోరికలకు, ఇరవై శాతం పొదుపుకు, అప్పు తీర్చడానికి. సంపాదనంతా ఇంటి కిస్తీలకు, కారు కిస్తీలకు పోతున్న మధ్యతరగతిని చూసి వాళ్లు చెప్పిన మాట అది. దాన్ని తెచ్చి తిండికే 47 శాతం పోయే ఇంటి మీద పెడితే, అవసరాల గడి కూరలు, సరుకులతోనే నిండిపోతుంది. పైగా మన ఇళ్లలో అవసరం, కోరిక అనే గీత అంత తేలిగ్గా పడదు. ప్రైవేటు బడి ఫీజు ఏ గడిలోకి వస్తుంది? 2025లో జరిగిన జాతీయ విద్యా సర్వే ప్రకారం ప్రభుత్వ బడి విద్యార్థి మీద ఏడాదికి సగటున 2,863 రూపాయలు ఖర్చయితే, ఇతర బడుల్లో 25,002. సర్కారు బడి పక్కనే ఉన్నా ఈ ఖర్చును నెత్తిన వేసుకున్న తల్లిని అడిగితే అది కోరిక అని ఒప్పుకోదు. ఆమె బతుకులో ఉన్న అతి పెద్ద అవసరం అదే.

జపాన్‌లో హనీ మోతోకో అనే పత్రికా రచయిత్రి 1904లో తెచ్చిన 'కకేబో' అనే ఇంటి పద్దు పుస్తకం నాకు ఇంతకంటే నచ్చుతుంది. అది శాతాలు నేర్పదు. డబ్బు ఎక్కడికి పోతోందో నీ చేత్తో నువ్వే రాసుకో అంటుంది. రాయడంలో ఒక బలం ఉంది. రాసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలో మనిషి ఆలోచిస్తాడు.

పోపుల డబ్బాలో, బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో డబ్బు విడివిడిగా దాచే అలవాటును ఒకప్పుడు అమాయకత్వం అనేవాళ్లు. రూపాయి ఎక్కడున్నా రూపాయే కదా, దానికి పేర్లెందుకని ఆర్థికశాస్త్రం అడిగేది. సమాజశాస్త్రవేత్త వివియానా జెలిజర్ 1994లో రాసిన పుస్తకంలో అమెరికన్ గృహిణులు కూడా రేకు డబ్బాల్లో అద్దెకింత, చర్చికింత, బట్టలకింత అని వేరు చేసుకునేవారని చూపించింది. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1985 నుంచి దీన్నే మనసులోని ఖాతాలు అన్నాడు. 2017లో ఆయనకు వచ్చిన నోబెల్‌కు ఈ పని కూడా ఒక కారణం. పేరు పెట్టిన డబ్బు చెయ్యి జారదు. ఫీజు డబ్బు అని పేరు పడ్డాక దాన్ని సినిమాకు తీయడానికి మనసొప్పదు. పోపుల డబ్బా చేసిన పని అదే.

ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకుందాం. నెలకు 45,000 జీతం, ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు, ఒక స్కూటరు. నెలవారీ ఖర్చులు పక్కన పెట్టి, ఏడాదిలో ఒకసారో రెండుసార్లో వచ్చేవి మాత్రం రాద్దాం. ఇద్దరి ఫీజులు 72,000. పుస్తకాలు, యూనిఫారాలు, బూట్లు 14,000. దసరా, సంక్రాంతి బట్టలు 15,000. బీమా ప్రీమియం 22,000. స్కూటరు ఇన్సూరెన్సు, రిపేర్లు 6,000. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు చదివింపులు 12,000. ఆవకాయకు కాయలు, నూనె, కారం, ఏడాదికి సరిపడా చింతపండు, పసుపు 4,000. ఊరికి రానూపోనూ, ఒక తిరుపతి ప్రయాణం 11,000. మొత్తం లక్షా యాభై ఆరు వేలు. పన్నెండుతో భాగిస్తే నెలకు 13,000.

ఈ 13,000 నెల బడ్జెట్లో కనిపించదు. కాబట్టి ఆ ఇంటివాళ్లు తమ చేతిలో నెలకు 45,000 ఉందనుకుంటారు. నిజానికి ఉన్నది 32,000. మిగతాది రాబోయే నెలలకు ముందే రాసిపెట్టి ఉంది. జూన్ రాగానే 86,000 ఒక్కసారిగా కావాలి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 1,720, ఏడాదంతా తీర్చలేకపోతే 20,640. ఈలోగా మళ్లీ జూన్ వస్తుంది. ఈ ఇంట్లో ఎవరూ దుబారా చేయలేదు. రోజూ కాఫీ మానేసినా, హోటలు మానేసినా ఈ గుంత పూడదు. ఇంటి బడ్జెట్ సలహాల్లో నాకు బాధ కలిగించేది ఇదే. చిల్లర ఖర్చుల మీద అన్ని మాటలు చెప్పి, ముందే తెలిసిన పెద్ద ఖర్చును అనుకోనిదానిలా వదిలేస్తారు.

ఈ విషయం బాగా పట్టుకున్నవాళ్లు పేదల మధ్య పనిచేసిన పరిశోధకులు. స్టూవర్ట్ రూథర్‌ఫర్డ్ 2000లో రాసిన పుస్తకంలో మన విజయవాడ మురికివాడల్లో ఇంటింటికీ తిరిగి పొదుపు వసూలు చేసే ఒక మహిళ గురించి చెబుతాడు. ఆమె ప్రతి ఇంటికీ ఒక కార్డు ఇస్తుంది. కార్డులో 220 గళ్లు. రోజుకు అయిదు రూపాయలిస్తే ఒక గడి కొట్టేస్తుంది. అన్నీ నిండాక కట్టింది 1,100, చేతికి వచ్చేది 1,000. వంద రూపాయలు ఆమె కూలి. అంటే పొదుపు చేసినవాళ్లే ఎదురు డబ్బిస్తున్నారు. లెక్క కడితే ఏడాదికి మైనస్ 30 శాతం వడ్డీ. ఇది పిచ్చితనంలా కనిపిస్తుంది, బడి తెరిచే రోజు గుర్తొచ్చేదాకా. ఇంట్లో ఉంటే ఆ అయిదు రూపాయలు నిలవవు. భర్త అడుగుతాడు, పొరుగింటామె చేబదులడుగుతుంది, పిల్లాడికి జ్వరం వస్తుంది. గుమ్మం దాకా వచ్చి రోజూ తీసుకెళ్లే మనిషి ఉంటేనే అది వెయ్యి అవుతుంది. ఆ వంద రూపాయలకు వాళ్లు కొనుక్కున్నది క్రమశిక్షణను.

ఆ తర్వాత 2009లో రూథర్‌ఫర్డ్ మరో ముగ్గురితో కలిసి ఇంకో పుస్తకం తెచ్చాడు. బంగ్లాదేశ్, భారత్, దక్షిణాఫ్రికాల్లో 250 పైగా పేద కుటుంబాల జమాఖర్చులను ఏడాది పాటు పదిహేను రోజులకోసారి వెళ్లి రాసుకున్న పని అది. తక్కువ ఆదాయం ఒక్కటే వాళ్ల కష్టం కాదు. ఆ ఆదాయం ఎప్పుడొస్తుందో తెలియకపోవడం, కావలసిన రోజున లేకపోవడం అంతే పెద్ద కష్టం. కాబట్టే అంత తక్కువ డబ్బున్నవాళ్లు కూడా చేబదుళ్లు, చిట్టీలు, కొట్లో ఖాతా, ఇరుగుపొరుగు దగ్గర దాచడం అంటూ ఎన్నో పనిముట్లు ఒకేసారి వాడతారు. నాకు తెలిసి ఇంటి బడ్జెట్ మీద వచ్చిన అన్ని అధ్యయనాల్లోనూ నిజానికి దగ్గరగా ఉన్నది ఇదే.

మన ఇళ్ల పనిముట్లను కూడా ఆ చూపుతో చూడాలి. చిట్టీనే తీసుకోండి. వడ్డీ లెక్కలు కట్టేవాళ్లు చిట్టీ నడిపే ఫోర్‌మన్ కమీషన్, పాటలో పోయే తరుగు చూసి పెదవి విరుస్తారు. ఆ కమీషన్ పరిమితిని చిట్‌ఫండ్ చట్టానికి 2021లో చేసిన సవరణ 5 నుంచి 7 శాతానికి పెంచింది కూడా. కానీ చిట్టీ ఎత్తుకునేవాళ్లు కొనేది వడ్డీని కాదు, ఒక తేదీని. మా వీధిలో నడిచే చిన్న చిట్టీలో మే నెలాఖరు పాటకు ఉన్న పోటీ ఆగస్టులో ఉండదు. బంగారం కూడా అంతే. ఆభరణం అనుకుంటాం గానీ, తాకట్టు కొట్టుకు వెళ్లిన గంటలో నగదుగా మారే పొదుపు అది. కిరాణా కొట్లో ఖాతా పంట చేతికొచ్చే దాకా నడిచే అప్పు. ఇక చదివింపులు. మన ఇళ్లలో అందరికంటే నిక్కచ్చిగా రాసే పద్దు పెళ్లి పందిట్లో చదివింపుల పుస్తకం. అవతలివాళ్ల ఇంట పెళ్లంటే ముందు ఆ పుస్తకం తీసి, మనకు వాళ్లెంత చదివించారో చూసుకుని, దానికి కాస్త పైన వేస్తాం. అది కానుకే, బాకీ కూడా. ఏ బడ్జెట్ పుస్తకమూ దీన్ని బాకీల కింద రాయమని చెప్పలేదు.

పొలం మీద బతికే ఇళ్లలో రాబడికీ ఖర్చుకూ మధ్య ఎడం మరీ ఎక్కువ. ఖర్చు రోజూ ఉంటుంది, రాబడి పంటకు ఒకసారి. 2019 నాటి జాతీయ నమూనా సర్వేలో అప్పున్న వ్యవసాయ కుటుంబాలు దేశంలో సగం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 93 శాతం, తెలంగాణలో 92 శాతానికి దగ్గర. ఈ అంకెను చూసి తెలుగు రైతుకు పొదుపు తెలియదనుకుంటే పొరపాటు. ఆ అప్పులో చాలా భాగం విత్తనం వేసే రోజుకూ ధాన్యం అమ్మే రోజుకూ మధ్య వేసుకున్న వంతెన.

నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. ఆ ఉద్యమం వెనకాలే అదే జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు వచ్చాయి. రోజుకు ఒక రూపాయి, నెలకు ముప్పై. సారాకు పోయే రూపాయి సంఘం పెట్టెలోకి వచ్చింది. ఇంటి బడ్జెట్ చరిత్రలో తెలుగు ఆడవాళ్లు రాసిన పేజీ ఇది అని గట్టిగా అంటాను. ఆ సంఘాల మీదికే తర్వాత సూక్ష్మరుణ కంపెనీలు వారం వారం కిస్తీతో వచ్చాయి. కూలి దొరకని వారం కూడా కిస్తీ ఆగదు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. ఆత్మహత్యల దాకా వెళ్లాక 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, వారపు వసూళ్లను నెలవారీకి మార్చింది. అప్పటిదాకా అందరూ వడ్డీ రేటు గురించే మాట్లాడారు. కిస్తీ ఏ రోజు అడుగుతున్నారన్నది కూడా ప్రాణాల మీదికి తెస్తుందని ఆ ఏడాది మనకు తెలిసింది.

ఎప్పుడు అన్నదాని తర్వాత రావలసిన ప్రశ్న ఎవరు. జాన్ పాల్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు 1989లో భార్యాభర్తల డబ్బు మీద రాసిన పుస్తకంలో డబ్బును నడపడం, డబ్బు మీద అధికారం ఉండటం వేరు వేరని విడదీసింది. ఆమె చూసిన ఇళ్లలో డబ్బు చాలనిచోట దాన్ని సర్దే భారం భార్య మీద పడింది. డబ్బు దండిగా ఉన్నచోట పెత్తనం భర్త చేతికి పోయింది. మన ఇళ్లకు ఇది అచ్చంగా సరిపోతుంది. పాలు, కూరలు, గ్యాసు ఆమె లెక్క. స్థలం, కారు, చెల్లెలి పెళ్లికి హామీ సంతకం ఆయన లెక్క. క్యాలెండరు మీద అర్ధ లీటరు పాలకు గీత పడుతుంది. రెండు లక్షల చేబదులు ఎవరికో ఇచ్చిన సంగతి దాని మీద ఉండదు. జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఇక్కడ పైసా పైసా సర్దేది ఆమె, అక్కడి నుంచి ఫోనులో నిర్ణయం చెప్పేది ఆయన.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సొంతంగా వాడుకునే బ్యాంకు ఖాతా ఉన్న స్త్రీలు 78.6 శాతం. తమ ఇష్టప్రకారం ఖర్చు చేసుకోగల డబ్బు ఉందన్నవాళ్లు మాత్రం సగానికి కాస్త పైన. ఖాతా వచ్చింది, నిర్ణయం రాలేదు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1,000 నోట్లు రద్దయినప్పుడు చీరల మడతల్లోంచి, దేవుడి పటాల వెనకనుంచి డబ్బు బయటికి తీయాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఏళ్ల తరబడి కూడబెట్టిన మొత్తాలు. మా పక్కింటి పెద్దావిడ పదకొండు వేలు తెచ్చి మా అమ్మ ఒళ్లో పెట్టి, "మా ఇంట్లో తెలిస్తే ఊరుకోరమ్మా, మీ ఖాతాలో వేసి ఇప్పించు" అంది. ఆ డబ్బు ఆవిడ సొంతం. దానికో పేరు కూడా ఉంది, కూతురి పురిటి ఖర్చు. అయినా దాగలేదు. ఆ రోజుతో ఆవిడ బడ్జెట్ ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది, దానితో ఆ డబ్బు మీద ఆవిడ మాటా పోయింది.

ఫోను చెల్లింపుల గురించి చాలా రాస్తున్నారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. డబ్బు ఇచ్చేటప్పుడు కలిగే నొప్పి ఖర్చును ఆపుతుందని 1998లోనే ప్రెలెక్, లోవెన్‌స్టీన్ అనే పరిశోధకులు రాశారు. 2016లో యూపీఐ వచ్చాక ఆ నొప్పి చాలావరకు పోయింది. మంచి కూడా జరిగింది. ప్రతి రూపాయికీ ఒక గీత మిగులుతోంది, రాయనవసరం లేకుండానే. అయితే తనంతట తాను పడే గీతకూ చేత్తో వేసిన గీతకూ తేడా ఉంది. ఫోను రాసిన పద్దును ఎవరూ చదవరు.

ఆసుపత్రి ఖర్చుకు నెల లేదు, కాబట్టి దాన్ని ఏడాది పద్దులో ఏ గడిలోనూ వేయలేం. ఆరోగ్యం మీద దేశం పెట్టే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013-14లో 64 శాతం ఉంటే, 2021-22 నాటికి 39 శాతానికి తగ్గింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ మన ఇళ్లలో ఎన్ని పొలాల్ని అమ్మకం నుంచి ఆపిందో ఊళ్లలో అడిగితే చెబుతారు. మూడు నాలుగు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు వేరే పెట్టుకోమనే పాత సలహా ఇక్కడ నూటికి నూరు పాళ్లూ సరైనదే.

ఇవన్నీ చదివాక నేను చేసుకున్నది చిన్న మార్పు. కొత్త క్యాలెండరు వచ్చిన రోజున మా ఆయనా నేనూ కూర్చుని ఏడాది పెద్ద ఖర్చులన్నీ వాటి వాటి నెలల్లో ఎర్ర సిరాతో వేస్తాం. చదివింపుల పుస్తకం పక్కనే పెట్టుకుని, ఈ ఏడాది ఎవరింట పెళ్లుందో అవి కూడా. మొత్తాన్ని పన్నెండుతో భాగించి, ఒకటో తారీఖున ముందు ఆ భాగాన్ని వేరే ఖాతాలోకి పంపుతాం. హామీ సంతకాలు, చేబదుళ్లు కూడా క్యాలెండరు మీదికి రావాలని నేను పట్టుబట్టాను. మొదటి ఏడాది దాని మీద గొడవ పడ్డాం. ఇప్పుడు జూన్ పేజీలో 12వ తేదీ గడిలో, బడి తెరిచే రోజున, ఫీజు అంకె నా చేతిరాతలో ఉంటుంది. దాని కింద ఏ నెల ఎంత పక్కన పడిందో చిన్న అంకెల వరస ఆయన చేతిరాత. ఈ ఏడు ఆ వరసలో అక్టోబరు, నవంబరు ఖాళీగా ఉన్నాయి. ఎందుకో ఇద్దరికీ తెలుసు, ఆ రెండు నెలల డబ్బు మా ఆడపడుచు ఆపరేషన్‌కు పోయింది. అది కూడా నవంబరు పేజీలో రాసి ఉంది.